నౌకా నవలలకు తోడు పుస్తకాలు, పటాలు
తెరచాపల కాలపు యుద్ధనౌకల నవలలు చదివేవారి కోసం వచ్చిన నిఘంటువులు, పటాల పుస్తకాలు. సి.ఎస్. ఫారెస్టర్ తన హార్న్‌బ్లోయర్ నవలలకు 1964లో తానే ఇలాంటి పుస్తకం రాశాడు. అందులో పటాలతో పాటు ఆ కథలు పుట్టిన వైనమూ ఉంది. చదవడానికి రుచిగా ఉండేది ఈ రెండో భాగమే. ప్యాట్రిక్ ఓబ్రయన్ పాఠకులకు సాయం మరీ అవసరం. ఆ నవలల్లో ఓడ గురించి ఏమీ తెలియని పాత్ర అయిన డాక్టర్ మెట్యూరిన్‌కు ఎవరైనా విడమరిచి చెబితే తప్ప, ఓబ్రయన్ పరిభాషను వివరించకుండానే సాగిపోతాడు. డీన్ కింగ్ మరో ఇద్దరితో కలిసి 1995లో ‘ఎ సీ ఆఫ్ వర్డ్స్’ నిఘంటువు తెచ్చాడు. నాటి నౌకా వైద్యంపై వ్యాసం కూడా అందులో ఉంది. మరుసటి ఏడాది వచ్చిన ‘హార్బర్స్ అండ్ హై సీస్’ నవలలవారీగా ప్రయాణ మార్గాలు చూపింది. నవల ముగించకముందే దాన్ని తెరిస్తే కథ బయటపడిపోతుంది. ఓబ్రయన్ నవలల్లో ‘ది మారిషస్ కమాండ్’కు ఆధారం 1810 నాటికి ముగిసిన నిజమైన దండయాత్ర కనుక పటం గీయడం తేలికే. ‘ది థర్టీన్ గన్ సెల్యూట్’లోని పులో ప్రబాంగ్ మాత్రం కల్పిత దీవి.