కంట్రోలర్ కాగితం నుంచి ‘గమ్యం’ దాకా

సికింద్రాబాద్ రేతిఫైల్ బస్టాండులో కంట్రోలర్ చేసే పని చూడ్డానికి చిన్నదే. బస్సు రాగానే దాని నంబరు, వచ్చిన టైము కాగితం మీద రాసుకుంటాడు. మళ్లీ ఎప్పుడు కదలాలో డ్రైవరుకు చెబుతాడు. బస్సు ఎక్కడుందో ఆర్టీసీకి తెలియడానికి దశాబ్దాల పాటు ఆ కాగితమే ఆధారం. దారిలో బండి ఆగిపోతే, రావాల్సిన టైముకు రాకపోతేనే అనుమానం.

ఇక్కడ ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి. నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో వాటిని నడిపింది. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడ్డాక కూడా టెండరు అంటే ఛాసిస్, టైర్లు, విడిభాగాలే. బస్సు ఇచ్చే సమాచారాన్ని కొనాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013లో సిటీ బస్సుల ప్రమాణాలను సవరించి, జీపీఎస్, ప్రయాణికులకు సమాచారమిచ్చే బోర్డులను బస్సులో భాగం చేసింది. ఆ తర్వాత ఏఐఎస్-140 నిబంధన వచ్చింది. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే ప్రజా రవాణా వాహనాల్లో ట్రాకింగ్ పరికరం, ప్రమాదంలో నొక్కే బటన్ ఉండాలన్నది దాని సారాంశం.

అదే ఏడాది తెలంగాణ ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులను రోడ్డెక్కించింది. వాటిలో కొన్ని కంటోన్మెంట్ డిపో నుంచి విమానాశ్రయానికి తిరిగాయి. అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ బస్సులను సంస్థ కొనలేదు. బండి ఆపరేటరుది, ఆర్టీసీ కట్టేది కిలోమీటరుకు ఇంతని. అంటే తిరిగిన దూరమే బిల్లు. ఒకప్పుడు కంట్రోలర్ రాసుకున్న వివరం ఇప్పుడు డబ్బు లెక్క అయింది.

ఆ లెక్క తేల్చే పరికరాలు కొనేటప్పుడు అమెరికా అనుభవం గుర్తుండాలి. వాహనాలు, రోడ్డు పక్క పరికరాలు మాట్లాడుకోవడానికి 1999లో అక్కడ 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయించారు. 2020లో దాన్ని 30కి కుదించి, టెక్నాలజీనే మార్చేశారు. పాత రేడియోలను స్తంభాలకు బిగించుకున్న రాష్ట్రాలు మళ్లీ మార్చుకోవాల్సి వచ్చింది. బస్సు పదిహేనేళ్లు నడవొచ్చు, దానిలోని పెట్టె అంతకాలం పనికొస్తుందన్న భరోసా లేదు.

2023 ఆగస్టులో ఆర్టీసీ ‘గమ్యం’ యాప్ తెచ్చింది. సికింద్రాబాద్‌లో 10హెచ్ కోసం నిలబడ్డ ఆవిడ కొండాపూర్ బస్సు ఎంత దూరంలో ఉందో ఫోన్లో చూసుకోగలిగితే, కంట్రోలర్ దగ్గరే ఆగిపోయిన సమాచారం ఆమె చేతికి చేరినట్టే.

అందుకే టెండరులో ధర కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. సమాచారంపై హక్కు సంస్థదేనా? రేపు వేరే కంపెనీ పరికరం పెట్టినా అదే వ్యవస్థ పనిచేస్తుందా? కంట్రోలర్ రాసిన కాగితం ఎప్పుడూ ఆర్టీసీదే. ఉపగ్రహం రాసే లెక్క కూడా ఆర్టీసీదే కావాలి.