ఉపరితలాల అనుసంధానం (ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి)

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో ఒకదానినొకటి ఆనుకొని ఉన్న ఉపరితలాల మధ్య అంచును ఉమ్మడి అంచుగా మార్చి, వాటిపై మెష్ తెగకుండా సాగేటట్లు చేయడాన్ని ఉపరితలాల అనుసంధానం అంటారు. అప్పుడు సరిహద్దు మీది ప్రతి నోడూ రెండు వైపుల ఎలిమెంట్లకూ చెందుతుంది.

అవసరం

తెరపై కలిసినట్లు కనబడే ఉపరితలాలు నిజానికి కలిసి ఉండకపోవచ్చు. క్యాడ్ సాఫ్ట్‌వేరులో విడివిడిగా గీసినపుడు దేని అంచు దానికే ఉంటుంది. మెష్ చేయగానే ఆ అంచులపై, తరచు ఒకే స్థానంలోనే, రెండేసి నోడ్లు ఏర్పడతాయి. వాటి సంఖ్యలు వేరు కనుక ఒక భాగంలోని బలం రెండవ భాగానికి చేరదు.

వీటిలో ఒక భాగానికి ఆధారం లేకపోతే దృఢత్వ మాత్రికకు విలోమం ఉండదు. గణన సాధారణంగా ఆగిపోతుంది. ఇది మేలైన సందర్భమే. రెండింటికీ విడిగా ఆధారాలుంటే ఏ హెచ్చరికా లేకుండా తప్పు సమాధానం వస్తుంది. ఉదాహరణకు, ఒక కొస గోడలో బిగించిన సన్నని పొడవైన దూలాన్ని సమానమైన ఎత్తుగల రెండు దీర్ఘచతురస్రాలుగా, ఒకదానిపై ఒకటి గీశారనుకుందాం. వంపును నిరోధించే గుణం ఎత్తు యొక్క ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనుసంధానం లేనపుడు పై అంచున వేసిన భారాన్ని పై పొర ఒక్కటే మోసి, ఉండవలసిన దానికంటే సుమారు 8 రెట్లు వంగుతుంది. కింది పొర కదలదు; పై పొర దానిలోకి చొచ్చుకొనిపోతుంది.

పద్ధతులు

మెష్ చేయక ముందే జ్యామితిని సరిచేయడం ఉత్తమం. ఇందుకు జీమెష్‌లో కొహెరెన్స్, సలోమ్‌లో పార్టిషన్, స్పేస్‌క్లెయిమ్‌లో షేర్ టోపాలజీ అనే ఆదేశాలు ఉన్నాయి. ఒక పొడవైన అంచు మధ్యలో వేరొక ఉపరితలం వచ్చి తాకితే, ఆ అంచును ముందుగా అక్కడ ఖండించాలి.

మెష్ చేసిన తరువాత దగ్గరి నోడ్లను విలీనం చేయవచ్చును గాని, రెండు వైపులా నోడ్లు ఎదురెదురుగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. విలీన దూరాన్ని మరీ ఎక్కువగా ఇస్తే చిన్న ఎలిమెంట్లు నలిగిపోతాయి. మెష్‌లు సరిపోలనపుడు అబాకస్ వంటి సాఫ్ట్‌వేర్లలోని టై నిబంధనతో బంధించవచ్చును; అయితే అతుకు దగ్గర ఒత్తిడి విలువలను అంతగా నమ్మరాదు. పగుళ్ళు, జారే ముఖాలు ఉన్నచోట మాత్రం నోడ్లను కలపకూడదు.

తనిఖీ

హైపర్‌మెష్‌లో విడి అంచులు ఎరుపుగా, ఇద్దరికి ఉమ్మడియైనవి ఆకుపచ్చగా, మూడు లేదా అంతకు మించిన ఉపరితలాలు కలిసేవి పసుపుగా కనిపిస్తాయి. మరొక నమ్మకమైన మార్గం, ఆధారాలన్నీ తొలగించి సహజ పౌనఃపున్యాలను లెక్కించడం. త్రిమితీయ నమూనా ఒకే ముక్కగా ఉంటే దాదాపు సున్నా విలువగలవి 6 వస్తాయి. 12 వస్తే నమూనా రెండు ముక్కలుగా ఉన్నట్లు.