గోండి నుడికి బడిలో చోటు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ పరిసర మైదానాలలోని గోండులు నేడు ఎక్కువగా మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. వారి పూర్వుల నుడి వినాలంటే దక్షిణాన బస్తరు అడవుల వైపు వెళ్ళాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండులు కోటికి మించి ఉండగా, గోండిని మాతృభాషగా పేర్కొన్నవారు సుమారు 30 లక్షలు మాత్రమే.

ఈ నుడి తెలుగువారికి పరాయిది కాదు. భాషాశాస్త్రజ్ఞులు దీనిని తెలుగుతోపాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చారు. గోండిలో రెండు ‘రండ్’, మూడు ‘ముండ్’, నాలుగు ‘నాలుంగ్’. మనం ప్రవాహాన్ని ‘ఏరు’ అంటాము. వారు నీటినే ‘యేర్’ అంటారు.

ఇటువంటి సంకటమే న్యూజిలాండ్‌లోని మావోరీలకూ ఎదురైంది. 1867 నాటి చట్టం వారి పల్లెలలో ఇంగ్లీషు బోధించే బడులను నెలకొల్పింది. శతాబ్దం తిరిగేసరికి మావోరీ భాష ప్రధానంగా పెద్దల నోటనే మిగిలింది. 1972లో 30 వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు విజ్ఞాపన సమర్పించారు. 1982లో ‘కోహంగా రేఓ’, అనగా ‘భాషా గూడు’ అనే శిశుకేంద్రాలు మొదలైనాయి. అక్కడ పెద్దలు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడేవారు. అధికారభాషా ప్రతిపత్తి ఆ తరువాత, 1987లో లభించింది.

అంతకు నాలుగు దశాబ్దాల ముందే మన ఆదిలాబాదు జిల్లాలో ఇటువంటి యత్నం జరిగింది. 1940లో కొమురం భీము నేలకొరిగిన పిదప, గోండుల స్థితిగతులను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఏర్పరచారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు సిద్ధమైనాయి.

కాని 1956 నాటి పునర్వ్యవస్థీకరణలో గోండి ప్రాంతం పలు రాష్ట్రాల పాలైంది. ఎక్కడికక్కడ రాష్ట్రభాషే బడిభాష అయింది. మావోరీలకు ఒకే దేశం, ఒకే లిపి; గోండులకు ఆ వెసులుబాటు లేకపోయింది. 1918లో మంగళ్‌సింగ్ మసారం కూర్చిన లిపి 2017లోను, 2006లో వెలుగుచూసిన ఆదిలాబాదు జిల్లా గుంజాల లిపి 2018లోను యూనికోడ్‌లో చేరాయి. 2003లో సంతాలీ, బోడో రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలుకెక్కినా గోండికి ఆ స్థానం దక్కలేదు.

2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలలో గోండి, హల్బీ మొదలైన స్థానిక భాషలలో బోధన ప్రకటించింది. ఆ మాట నిలబడాలంటే మార్లవాయిలో వలె ఆ నుడి ఎరిగిన ఉపాధ్యాయుడు తరగతిలో ఉండాలి. షెడ్యూలులో స్థానం వచ్చేనాటికి ఆ నుడి మాట్లాడే పిల్లలు మిగిలి ఉండాలి కదా!