తేలియా రుమాలు

‘తేల్’ అనగా హిందూస్తానీలో నూనె. చీరాల నేతగాండ్రు నేసి అరబ్బు దేశములకు పంపిన చదరపు తలగుడ్డలకు ఆ నూనెవలననే తేలియా రుమాళ్లని పేరు వచ్చినది. పట్టునకు రంగు సులువుగా అంటును, నూలు మొండిది. అందుచే నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను నానవేసి, పిసికి, ఎండవేయుట దినముల తరబడి సాగెడిది. పిమ్మట పడుగు పేకలను దారముతో అక్కడక్కడ బిగించి కట్టి, ఎరుపు నలుపు రంగులలో ముంచి, కట్లు విప్పి నేసెడివారు. అంత శ్రమకు ఫలము చతురస్రములు, గీతలు, మూడే వన్నెలు! మాకు మాత్రము ఆ పొదుపే అందముగా తోచును.

కోరమండల తీరపు ఎరుపునకు ఖ్యాతి తెచ్చినది చిరివేరు. ఇసుకనేలలలో పెరుగు ఈ చిన్న మొక్క వేరులో అలిజరిన్ అను రంగుపదార్థము గలదు. దానినే 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో సృష్టించిరి. కృత్రిమపు రంగు చౌకగా సంతకు రాగా, వేరు త్రవ్వి బ్రతికెడి వారికి గిరాకి పోయినది. వింత యేమనగా, వేరు పోయినను నూనె పోలేదు. కొత్త రంగునకును అది కావలసివచ్చినది.

చీరాలలో ఈ పని సన్నగిల్లినను, తెలంగాణములోని పుట్టపాక దానిని చేపట్టి నిలుపుకొన్నది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అచట నూలు నేటికిని నూనెలో నానుచున్నది.