విద్యుత్తు కారు వెల: ఎదురు చూచినవారు, ముందుగా కొన్నవారు

విద్యుత్తుతో నడిచే కారు కొనదలచిన గృహస్థు ఈనాడు ఒక చిక్కులో పడుతున్నాడు. బ్యాటరీల వెల తగ్గుతున్నదని పత్రికలలో తరచు చదువుతాడు. అట్లా అయితే ఈ సంవత్సరం కొనడం దేనికి, వచ్చే సంవత్సరం కొంటే చవక కదా అని సందేహం కలుగుతుంది. వచ్చే సంవత్సరం వచ్చిన తరువాత మళ్ళీ అదే సందేహం. జీతంలోంచి ఏళ్ళ తరబడి కూడబెట్టిన పది పన్నెండు లక్షల రూపాయలను ఒకే వస్తువు మీద పెట్టబోయేవానికి ఇది చిన్న విషయం కాదు. ఈ సందేహం మన కాలంలో పుట్టినదని చాలామంది అనుకుంటారు గాని, దీనికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

1900లో అమెరికాలోని కర్మాగారాలు మొత్తం 4,192 కార్లను తయారు చేశాయి. అందులో 1,681 ఆవిరితో నడిచేవి, 1,575 విద్యుత్తుతో నడిచేవి. పెట్రోలు కార్లు 936 మాత్రమే. విద్యుత్తు కారుకు చప్పుడు లేదు, పొగ లేదు, ముందుకు వెళ్ళి హ్యాండిలు తిప్పి ఇంజనును లేపవలసిన శ్రమ లేదు. అయినప్పటికీ పన్నెండేళ్ళలో కథ తారుమారయింది. 1912లో ఒక విద్యుత్తు కారు వెల 1,750 డాలర్లు ఉంటే, పెట్రోలు కారు 650 డాలర్లకే దొరికింది. అదే సంవత్సరం చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు కాడిలాక్ కార్లలో అమర్చడంతో హ్యాండిలు తిప్పే బాధ కూడా పోయింది. ఆ స్టార్టరును నడిపింది ఒక బ్యాటరీయే. విద్యుత్తు కారును ఓడించడానికి విద్యుత్తే తోడ్పడిందన్నమాట.

వెలలో ఇంత తేడా ఎందుకు వచ్చింది? హెన్రీ ఫోర్డు 1908లో తన ‘మోడల్ టి’ కారును 850 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. ఎక్కువ కార్లు తయారైనకొద్దీ వెల తగ్గించాడు, వెల తగ్గినకొద్దీ ఎక్కువ కార్లు అమ్ముడుపోయాయి. 1925 నాటికి ఆ జాతి కార్లలో అన్నిటికంటె చవకైనది 260 డాలర్లకు దిగింది. విద్యుత్తు కారును మాత్రం కొద్ది సంఖ్యలో, సంపన్నుల కోసం, అద్దాల గదివలె అలంకరించి తయారు చేసేవారు. ఫోర్డు భార్య క్లారా కూడా భర్త తయారుచేసిన కారును కాదని డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే విద్యుత్తు కారులో తిరిగేది.

ఆ రోజులలోనే మొదటి ఎదురుచూపు కూడా మొదలయింది. 1901లో థామస్ ఎడిసన్ సీసపు బ్యాటరీకి బదులు నికెలు, ఇనుములతో తేలికైన కొత్త బ్యాటరీ చేయబోతున్నట్లు ప్రకటించాడు. కొద్ది కాలానికి దానిని అమ్మకానికి తెచ్చాడు గాని, డబ్బాలు కారడం, శక్తి తగ్గిపోవడం మొదలుకాగా 1904 చివర అమ్మకం ఆపివేయవలసి వచ్చింది. సరిదిద్దిన బ్యాటరీ వచ్చేసరికి ఆ దశాబ్దం ముగియవచ్చింది. బ్యాటరీ మంచిదే, దీర్ఘకాలం మన్నింది. అప్పటికి మోడల్ టి వీధులలోకి వచ్చేసింది. 1914 జనవరిలో ఫోర్డు, తానూ ఎడిసనూ కలిసి చవక విద్యుత్తు కారును తయారు చేయబోతున్నామనీ, ఒక సంవత్సరంలో ఉత్పత్తి ప్రారంభించగలమని ఆశిస్తున్నాననీ పత్రికలకు చెప్పాడు. ప్రయోగానికి ఒకటి రెండు బండ్లు తయారయ్యాయి కూడా. అంగడికి మాత్రం ఆ కారు ఎన్నడూ రాలేదు. దాని కోసం ఆగినవారు ఎవరైనా ఉంటే, వారు ఊరికే ఆగారు.

తయారీ పెరిగితే వెల తగ్గుతుందని ఫోర్డుకు అనుభవం చెప్పింది. దానికి లెక్క కట్టినవాడు థియొడోర్ రైట్ అనే విమానాల ఇంజనీరు. కర్టిస్ కంపెనీలో విమానాల తయారీ ఖర్చులను పరిశీలించి 1936లో అతడు ఒక వ్యాసం ప్రకటించాడు. తయారైన విమానాల మొత్తం సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ ఒక్కొక్క విమానానికి పట్టే కూలి సుమారు 20 శాతం తగ్గుతున్నదని అతడు గమనించాడు. రెండవ విమానానికి 1,000 గంటల పని పట్టిందనుకుందాం. నాలుగవదానికి 800, ఎనిమిదవదానికి 640, పదహారవదానికి 512 గంటలు చాలుతాయి. చేతులకు అలవాటు పడుతుంది, వృథా తగ్గుతుంది, పనిముట్లు మెరుగవుతాయి. దీనిని అభ్యాసరేఖ అనవచ్చు.

ఉపాధ్యాయులు ఈ రేఖను నల్లబల్ల మీద గీసి చూపేటప్పుడు అడుగు గీత మీద ఏముందో పిల్లల చేత చెప్పించాలి. అక్కడ ఉండేవి సంవత్సరాలు కావు, తయారైన వస్తువుల సంఖ్య. క్యాలెండరులో కాగితాలు చింపినంత మాత్రాన ఏ వస్తువూ చవక కాదు. ఎవరో ఒకరు కొంటేనే తరువాతి రెట్టింపు వస్తుంది. అందరూ చవక కోసం ఆగితే ఆ చవక రాదు.

మరి విద్యుత్తు కారు దాదాపు ఒక శతాబ్దం పాటు అటకెక్కి ఉండగా దాని బ్యాటరీ ఎట్లా చవకయింది? ఆ ఖర్చును వేరే వస్తువులు కొన్నవారు భరించారు. లిథియం అయాన్ బ్యాటరీకి స్టాన్లీ విటింగ్‌హామ్, జాన్ గుడెనఫ్, అకీరా యోషినో 1970, 1980 దశకాలలో పునాదులు వేశారు. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. 1991లో జపానులోని సోనీ కంపెనీ దీనిని మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. ఆ తరువాత కామ్‌కార్డర్లు, లాప్‌టాప్‌లు, సెల్‌ఫోన్లు కొన్న కోట్లాది ప్రజలు తమకు తెలియకుండానే రైట్ రేఖ మీద ఈ బ్యాటరీని దిగువకు నడిపించారు. 1991 నుంచి 2018 వరకు ఈ ఘటాల వెల సుమారు 97 శాతం తగ్గిందని మిక్కా జీగ్లర్, జెస్సికా ట్రాన్సిక్ అనే పరిశోధకులు 2021లో లెక్క తేల్చారు. ఉత్పత్తి రెట్టింపు అయిన ప్రతిసారీ తగ్గుదల ఇక్కడ కూడా సుమారు 20 శాతమే. విమానానికీ సెల్‌ఫోనుకూ పోలిక ఏమిటని అనిపిస్తుంది గాని, అంకె మాత్రం రైట్ అంకెకు దగ్గరగానే వచ్చింది.

2010 డిసెంబరులో నిస్సాన్ లీఫ్ కారు అమెరికాలో 32,780 డాలర్లకు విడుదలయింది. దాని బ్యాటరీ 24 కిలోవాట్ గంటలది. కిలోవాట్ గంట అంటే మన కరెంటు బిల్లులోని యూనిట్టే కనుక ఇక్కడ యూనిట్టు అనే వాడుదాము. ప్రపంచ సగటున ఒక యూనిట్టు బ్యాటరీకి అప్పుడు వెయ్యి డాలర్లకు పైగా పడేది. ఒకసారి చార్జి చేస్తే ఆ కారు ప్రభుత్వ పరీక్షలో 73 మైళ్ళు నడిచింది. 2013 జనవరిలో అదే లీఫ్‌లో హంగులు తగ్గించిన రకం 28,800 డాలర్లకు వచ్చింది. రెండేళ్ళు ఆగినవారికి సుమారు నాలుగు వేల డాలర్లు మిగిలాయి. ముందుగా కొన్నవారు లేకపోతే ఆ మిగులు ఎక్కడినుంచి వచ్చేది?

అయితే దిగే మెట్లన్నీ సమంగా ఉండవు. తయారీ ఖర్చు తగ్గినకొద్దీ మొత్తం వెలలో ముడి పదార్థాల వాటా పెరుగుతుంది. గనిలోంచి తీసే లిథియం వెల అభ్యాసానికి లొంగదు, గిరాకీకి లొంగుతుంది. 2021 ప్రారంభంలో చైనాలో టన్ను సుమారు 50 వేల యువాన్లు ఉన్న లిథియం కార్బొనేటు 2022 చివర దాదాపు ఆరు లక్షలకు ఎగబాకింది. తత్ఫలితంగా బ్లూంబర్గ్ సంస్థ జరిపే ఏటేటి పరిశీలనలో 2022లో మొదటిసారి బ్యాటరీ వెల పెరిగింది. అంతకు ముందు ఏడుకంటె 7 శాతం ఎక్కువై యూనిట్టు 151 డాలర్లకు చేరింది. ఆ సంవత్సరం ‘ఇంకా తగ్గుతుంది’ అని ఆగినవారు దెబ్బ తిన్నారు. కొత్త గనులు పని మొదలుపెట్టాక లిథియం వెల మళ్ళీ కూలింది. బ్యాటరీ 2023లో 139 డాలర్లకూ, 2024లో 115 డాలర్లకూ దిగింది.

కొనేవాడు చెల్లించేది బ్యాటరీ వెల ఒక్కటే కాదు. పన్నులు, ప్రభుత్వ సహాయాలు కూడా అందులో కలిసి ఉంటాయి. ఇవి రేఖవలె మెల్లగా వంగవు. ఒక తేదీనాడు ఉంటాయి, మరునాడు ఉండవు. అమెరికాలో ఒక కంపెనీ రెండు లక్షల విద్యుత్తు కార్లు అమ్మిన తరువాత కొనుగోలుదారులకిచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ క్రమంగా తగ్గిపోవాలని నియమం ఉండేది. టెస్లా 2018 జూలైలో ఆ సంఖ్యను చేరింది. 2019 జనవరి 1న రాయితీ సగమై 3,750 డాలర్లకు తగ్గింది. వెంటనే టెస్లా తన కార్ల వెలను 2,000 డాలర్లు తగ్గించింది. అంటే ఆలస్యం చేసినవారికి అసలు నష్టం 1,750 డాలర్లు. రాయితీలో కొంత భాగం కొనేవాడికి కాక అమ్మేవాడికి చేరుతుందని ఆర్థికశాస్త్ర పాఠాలలో చెప్పేది ఇక్కడ కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది.

నార్వేలో 2001 నుంచి 2022 చివరి వరకు విద్యుత్తు కార్లకు విలువ ఆధారిత పన్ను ఉండేది కాదు. 2023 జనవరి 1 నుంచి ఐదు లక్షల క్రోనర్లకు పైబడిన భాగం మీద పన్ను వేశారు. 2022 డిసెంబరులో జనం అంగళ్ళ మీద విరుచుకు పడ్డారు. మరుసటి నెల అమ్మకాలు అడుగంటాయి. అక్కడ తేదీ ముందుగా తెలుసు. జర్మనీలో 2023 డిసెంబరు 16న ప్రకటించి మరునాటితోనే దరఖాస్తులు ఆపివేశారు. కారుకు ఆర్డరు ఇచ్చి, బండి ఇంకా చేతికి రానివారు అన్యాయంగా మధ్యలో చిక్కుకున్నారు. వారికి ఏ రేఖా సహాయపడేది కాదు. అమెరికాలో కూడా 2025 సెప్టెంబరు 30తో ఆ పన్ను రాయితీ ముగిసింది. గడువుకు ముందు మూడు నెలలలో అమ్మకాలు ఎన్నడూ లేనంతగా పెరిగి, తరువాత పడిపోయాయి.

పోటీ ఇంకొక సంగతి. 2023 జనవరిలో టెస్లా చైనాలోనూ, వారం తరువాత అమెరికాలోనూ ఒక్కసారిగా వెలలు తగ్గించింది. అమెరికాలో 65,990 డాలర్ల మోడల్ వై 52,990 డాలర్లకు దిగింది. చైనాలో కొద్ది రోజుల ముందు కొన్నవారు దుకాణాల వద్ద గుమిగూడి నిరసన తెలిపారు. వారి కోపం సహజమే గాని, ఆ తగ్గుదలను ఎవరైనా ముందుగా ఊహించగలిగేవారని నేననుకోను.

మన దేశానికి వస్తే, 2019 ఆగస్టు 1న విద్యుత్తు వాహనాల మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ విద్యుత్తు కారు 13.99 లక్షల ప్రారంభపు వెలతో వచ్చింది. 2024 ఫిబ్రవరిలో, బ్యాటరీ ఘటాలు చవకయ్యాయని కంపెనీ స్వయంగా చెప్పి తగ్గించిన తరువాత దాని ప్రారంభపు వెల 14.49 లక్షలు. నాలుగేళ్ళు ఎదురు చూచినవానికి అంకె తగ్గలేదు సరిగదా అర లక్ష పెరిగింది. రూపాయి విలువ మారింది, కారులో హంగులు పెరిగాయి, ఇది నిజమే. తయారీదారు తనకు మిగిలినదాన్ని వెల తగ్గించి ఇవ్వవచ్చు, లేదా కొత్త సదుపాయాల రూపంలో ఇవ్వవచ్చు. కొనేవారు ఈ రెంటినీ వేరు చేసి చూడాలి. ఆ ఏడే సెప్టెంబరులో, పండుగల ముందు, అదే కారు 12.49 లక్షలకు దిగింది. నాలుగేళ్ళలో రానిది ఏడు నెలలలో వచ్చింది.

ఇక లెక్క. ఇంట్లో పెట్రోలు కారు ఉన్నది, దాని స్థానంలో 30 యూనిట్ల బ్యాటరీ గల విద్యుత్తు కారు కొనాలి, ఇప్పుడా, ఏడాది తరువాతనా అన్నది ప్రశ్న. పెట్రోలు లీటరు 107 రూపాయలు, కారు లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు సుమారు 7 రూపాయల 10 పైసలు. విద్యుత్తు యూనిట్టు 9 రూపాయలు, యూనిట్టుకు 6 కిలోమీటర్లు అనుకుంటే రూపాయిన్నర. ఇంటి వద్ద చార్జి చేసుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 60 పైసలు మిగులుతుంది. ఆగిన ఏడాది పాటు ఈ మిగులును వదులుకోవాలి.

ఆగితే వచ్చేది ఎంత? 2023, 2024ల మధ్య వలె యూనిట్టుకు 24 డాలర్లు తగ్గితే, 30 యూనిట్లకు 720 డాలర్లు, అంటే సుమారు 60 వేల రూపాయలు. ఇది చాలా మంచి సంవత్సరపు అంకె. పైగా కంపెనీ ఆ తగ్గుదలనంతా మనకే ఇస్తుందని కూడా అనుకుంటున్నాము. 60 వేలను 5.60తో భాగిస్తే సుమారు 10,700 వస్తుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగేవాడు ఆగితే 67 వేలు పోగొట్టుకుని 60 వేలు సంపాదిస్తాడు. 4 వేలు మాత్రమే తిరిగేవాడు 22 వేలు వదులుకుని 60 వేలు పొందుతాడు, కనుక అతడు నిశ్చింతగా ఆగవచ్చు. కంపెనీ సగమే ఇస్తే హద్దు 5,350 కిలోమీటర్లకు దిగుతుంది. బ్యాంకులో ఉన్న సొమ్ము మీద వడ్డీ ఆగేవాని వైపూ, పాత బండి మరమ్మతు ఖర్చు కొనేవాని వైపూ మొగ్గుతాయి. వాటిని చేర్చితే హద్దు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క చోట పడుతుంది. పిల్లలు తమ ఇంటి అంకెలతో ఈ లెక్క చేసి చూడవచ్చు.

తేదీలను కూడా ఇందులో కలపాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మినహాయిస్తున్నట్లు ప్రకటించింది. పది లక్షల పెట్రోలు కారు మీద ఈ పన్ను లక్ష రూపాయలకు మించి ఉంటుంది. ఇటువంటి గడువును దాటించి, ఆ మినహాయింపు పొడిగింపబడకపోతే, 4 వేల కిలోమీటర్లు తిరిగేవానికి మిగిలిన 38 వేలూ హరించుకుపోయి, పైన ఇంకా 60 వేలకు పైగా చేతినుంచి పడుతుంది.