అంధ వాడుకరులు రెండవ ఆపరేటింగ్ సిస్టమును స్థాపించుకొనుట

కంప్యూటరులో ఇదివరకే ఉన్న ఆపరేటింగ్ సిస్టమును తొలగించకుండా, అదే యంత్రములో మరొక ఆపరేటింగ్ సిస్టమును స్థాపించి, అవసరమును బట్టి రెండింటిలో ఒకదానిని ఎంచుకొనే ఏర్పాటును ద్వంద్వ బూటింగు అంటారు. చూపులేని వాడుకరి ఈ పనిని ఇతరుల సహాయము లేకుండా పూర్తిచేయుట చాలాకాలము దాదాపు అసాధ్యముగా ఉండేది. 2005 తరువాత క్రమక్రమముగా పరిస్థితి మారింది. నేడు డెబియన్, ఉబుంటు వంటి లినక్సు పంపిణీలను, విండోస్‌ను కూడా అంధ వాడుకరులు స్వయముగా స్థాపించుకొనవచ్చును. అయినప్పటికీ ఈ ప్రక్రియలో మాట వినిపించని దశలు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి.

సమస్య స్వరూపము

అంధ వాడుకరులు కంప్యూటరును స్క్రీన్ రీడరు అనే సాఫ్టువేరు ద్వారా వాడుతారు. తెరపైనున్న పాఠ్యమును ఇది మాటగా పలుకుతుంది, లేదా బ్రెయిలీ పరికరముపై చుక్కల రూపములో చూపుతుంది. ఈ సాఫ్టువేరు పనిచేయాలంటే ముందుగా ఆపరేటింగ్ సిస్టము నడుస్తూ ఉండాలి, సౌండు కార్డు పనిచేయడానికి తగిన డ్రైవరు ఉండాలి. కొత్త సిస్టమును స్థాపించేటప్పుడు ఈ రెండూ ఉండవు. అంటే స్క్రీన్ రీడరు అత్యవసరమైన సమయములోనే అది అందుబాటులో ఉండదు.

రెండవ సిస్టము విషయములో మరొక చిక్కు ఉన్నది. ఖాళీ డిస్కుపై స్థాపించేటప్పుడు పొరపాటు జరిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చును. కాని డిస్కులో పాత సిస్టము, వాడుకరి పత్రాలు, పాఠాలు ఉన్నప్పుడు తప్పు పార్టిషనును ఎంచుకుంటే అవన్నీ పోతాయి. పోయిన వాటిలో వాడుకరికి అలవాటైన స్క్రీన్ రీడరు కూడా ఉంటుంది. అప్పుడు కంప్యూటరు పూర్తిగా మూగబోతుంది.

చరిత్ర

డాస్ కాలములో తెరపై అక్షరాలు మాత్రమే ఉండేవి కనుక వాటిని చదివి వినిపించుట కొంత సులభము. జాస్ స్క్రీన్ రీడరు 1989లో డాస్ కొరకే మొదట వెలువడినది. చిత్రాలు, కిటికీలతో కూడిన సిస్టములు వచ్చిన తరువాత స్క్రీన్ రీడర్ల పని జటిలమైనది.

లినక్సు రంగములో తొలి ప్రయత్నాలు 1990లలోనే జరిగాయి. నిఖిల్ నాయర్ 1995లో మొదలుపెట్టిన బిఆర్‌ఎల్‌టిటివై అనే ప్రోగ్రాము లినక్సు కన్సోలును బ్రెయిలీ పరికరాలపై చూపేది. అదే సంవత్సరము భారతదేశములో పుట్టి పెరిగిన అంధ కంప్యూటరు శాస్త్రవేత్త టి.వి. రామన్ ఈమాక్‌స్పీక్ అనే మాట్లాడే పని వాతావరణమును విడుదల చేశాడు. కర్క్ రైజర్ రూపొందించిన స్పీకప్ నేరుగా లినక్సు కెర్నెలులో పనిచేసే స్క్రీన్ రీడరు. ఇందువలన యంత్రము మొదలైన కొద్దిసేపటికే మాట వినిపిస్తుంది. అయితే తొలినాళ్ళలో దీనికి విడిగా కొనవలసిన మాటల యంత్రము కావలసివచ్చేది. జోనథన్ డడింగ్‌టన్ రాసిన ఈస్పీక్ వంటి ఉచిత సాఫ్టువేర్లు వచ్చిన తరువాత సాధారణ సౌండు కార్డుతోనే ఈ పని సాధ్యమైనది.

2005లో యాపిల్ సంస్థ మాక్ ఓఎస్ టెన్ 10.4లో వాయిస్‌ఓవర్‌ను చేర్చింది. స్థాపన డిస్కు నుండి కూడా ఇది పలికేది. 2006లో గ్నోమ్ డెస్కుటాపులో ఓర్కా స్క్రీన్ రీడరు చేరినది. అదే సంవత్సరము ఆస్ట్రేలియాకు చెందిన అంధ ప్రోగ్రామరు మైఖేల్ కరన్ విండోస్ కొరకు ఎన్‌విడిఎ అనే ఉచిత స్క్రీన్ రీడరును మొదలుపెట్టాడు. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్, చూపు సమస్య గల తన భార్య ఏడ్రియన్ పేరు మీద, డిస్కు పెట్టగానే మాట్లాడే నాపిక్సు రూపమును తయారుచేశాడు. ఉబుంటు ఆధారముగా అంధుల కొరకు తయారైన వైనక్స్ కూడా కొంతకాలము ప్రచారములో ఉండి తరువాత ఆగిపోయినది.

2013 మే నెలలో విడుదలైన డెబియన్ 7 ఈ విషయములో ముఖ్యమైన మలుపు. బ్రెయిలీ పరికరము లేనివారు కూడా కేవలము మాట ఆధారముగా దీనిని స్థాపించుకొనే వీలు కలిగినది. విండోస్ 2000 నుండి నేరేటరు అనే చిన్న స్క్రీన్ రీడరు విండోస్‌తో పాటు వస్తున్నప్పటికీ, స్థాపన సమయములో అది పలికేది కాదు. 2017 చివరలో వచ్చిన విండోస్ 10 నవీకరణతో స్థాపన మాధ్యమములోను, పునరుద్ధరణ తెరలోను కూడా నేరేటరు పలుకుట మొదలైనది. అంతకుముందు అంధ వాడుకరులు అన్ని ప్రశ్నలకు జవాబులను ముందే ఒక ఫైలులో రాసిపెట్టి, ఏమీ అడగకుండా సాగిపోయే స్థాపనపై ఆధారపడేవారు.

స్థాపనకు ముందు సన్నాహాలు

సాధారణముగా విండోస్ ముందు, లినక్సు తరువాత స్థాపిస్తారు. విండోస్ స్థాపన ప్రోగ్రాము బూటు క్రమములో తనను ముందుంచుకొనుట, లినక్సు బూటు ప్రోగ్రాము ఇతర సిస్టములను గుర్తించి తన జాబితాలో చేర్చుకొనుట ఇందుకు కారణము. అంధ వాడుకరికి మాట్లాడే విండోస్ అప్పటికే చేతిలో ఉంటుంది కనుక, సాధ్యమైనంత పనిని అందులోనే ముగించుట మేలు.

* '''నకలు:''' ముఖ్యమైన ఫైళ్ళన్నిటిని వేరొక డిస్కులోనికి నకలు చేసి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీయాలి. దీనివలన పొరపాటున దానిని ఎంచుకొనే ప్రమాదము కూడా తప్పుతుంది.
* '''ఖాళీ జాగా:''' విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా ఉన్న పార్టిషనును కుదించి ఖాళీ జాగా ఏర్పరచాలి. ఈ పని స్క్రీన్ రీడరుతో చేయవచ్చును. ఏర్పడిన జాగా పరిమాణమును రాసిపెట్టుకోవాలి.
* '''బిట్‌లాకరు:''' డిస్కు బిట్‌లాకరుతో రక్షితమై ఉంటే 48 అంకెల పునరుద్ధరణ సంకేతమును ముందే భద్రపరచుకోవాలి. బూటు అమరికలు మారినప్పుడు కంప్యూటరు ఈ సంకేతమును అడగవచ్చును. ఆ తెరపై స్క్రీన్ రీడరు పనిచేయదు.
* '''ఫాస్ట్ స్టార్టప్:''' ఈ సౌకర్యమును ఆపివేయాలి. లేనిచో విండోస్ పూర్తిగా మూతపడక, దాని పార్టిషనును లినక్సు నుండి సురక్షితముగా వాడుట కుదరదు.
* '''పెన్‌డ్రైవు:''' రూఫస్ వంటి ప్రోగ్రాముతో స్థాపన పెన్‌డ్రైవును తయారుచేసుకోవాలి. దించుకొన్న ఫైలు చెడిపోలేదని సరిచూచుకొనుట అవసరము. చెడిన ఫైలు వలన స్థాపన మధ్యలో ఆగిపోతే, అది ఆగినదో నడుస్తున్నదో వినికిడితో తెలియుట కష్టము.

పెన్‌డ్రైవు నుండి మొదలుపెట్టుట

చూపున్నవారు సాధారణముగా బయోస్ లేదా యుఈఎఫ్ఐ తెరలోనికి వెళ్ళి పెన్‌డ్రైవును ఎంచుకుంటారు. సాధారణ కంప్యూటర్లలో ఈ తెరలు మాట్లాడవు. దీనికి ప్రత్యామ్నాయముగా విండోస్‌లో షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్‌ను ఎంచుకుంటే వచ్చే పునరుద్ధరణ తెరలో విండోస్, కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కి నేరేటరును ప్రారంభించవచ్చును. ఆ తెరలోని పరికరమును ఎంచుకొనే వరుస ద్వారా అనేక కంప్యూటర్లలో పెన్‌డ్రైవు నుండి బూటు చేయవచ్చును. ఈ విధముగా మూగ తెరను తప్పించుకొనవచ్చును.

స్థాపన క్రమము

డెబియన్ మాధ్యమము మొదలైనప్పుడు, ధ్వని సౌకర్యమున్న యంత్రాలలో, జాబితా సిద్ధమైనదనుటకు గుర్తుగా బీప్ వినిపిస్తుంది. అప్పుడు ఎస్ మీటను, తరువాత ఎంటర్‌ను నొక్కితే మాటతో కూడిన స్థాపన మొదలవుతుంది. ఇటీవలి విడుదలలలో ఏ మీటా నొక్కకపోయినా కొంత సమయము తరువాత ఇదే మొదలవుతుంది. కంప్యూటరులో ఒకటి కంటే ఎక్కువ సౌండు కార్డులుంటే ప్రోగ్రాము ఒక్కొక్క దాని ద్వారా పలుకుతూ పోతుంది. మాట వినబడిన కార్డు వద్ద ఎంటర్ నొక్కాలి. ఆ తరువాతి ప్రశ్నలన్నీ అంకెలు వేసిన వరుసలుగా వస్తాయి. తగిన అంకెను టైపు చేసి ముందుకు సాగాలి. మాటతో స్థాపించిన సిస్టములో స్క్రీన్ రీడరు కూడా దానంతటదే చేరి ఉంటుంది. కనుక తొలిసారి తెరచినప్పుడు మౌనము ఎదురుకాదు.

అనేక ల్యాప్‌టాపులలో సౌండు కార్డు పనిచేయుటకు స్వేచ్ఛా సాఫ్టువేరు కాని ఫర్మ్‌వేరు అవసరమవుతుంది. 2023లో విడుదలైన డెబియన్ 12 నుండి ఇటువంటి ఫర్మ్‌వేరును అధికారిక మాధ్యమములోనే చేర్చారు. స్వేచ్ఛా సాఫ్టువేరు సూత్రాల దృష్ట్యా ఈ నిర్ణయముపై సుదీర్ఘ చర్చ జరిగింది. అంధ వాడుకరులకు మాత్రము ఇది మాట వినిపించుటకు, వినిపించకపోవుటకు మధ్యనున్న తేడా.

ఉబుంటులో స్థాపించకుండానే సిస్టమును పరీక్షించే వీలున్నది. డెస్కుటాపు సిద్ధమైన తరువాత ఆల్ట్, సూపర్, ఎస్ మీటలను కలిపి నొక్కితే ఓర్కా మొదలవుతుంది. 2008 నుండి కొన్నేళ్ళపాటు ఉబుంటుతో వచ్చిన వూబీ అనే ప్రోగ్రాము, విండోస్‌లో నుండే, పార్టిషన్లను మార్చకుండా ఉబుంటును స్థాపించేది. స్క్రీన్ రీడరు వాడేవారికి ఇది అనుకూలముగా ఉండేది. తరువాత దీనిని నిలిపివేశారు.

పార్టిషన్ల ఎంపిక

ఈ ప్రక్రియ మొత్తములో ప్రమాదము ఎక్కువగా ఉన్న దశ ఇది. చూపున్నవారికి డిస్కు మొత్తము ఒక పట్టీ బొమ్మగా కనిపిస్తుంది. అంధ వాడుకరి దానిని ఒక్కొక్క వరుసగా విని మనస్సులో కూర్చుకోవలసి ఉంటుంది. డిస్కు అక్షరాలు విండోస్‌లో ఒక విధముగాను, లినక్సులో డిస్కుల పేర్లు మరొక విధముగాను ఉండుట వలన పేరును నమ్మకుండా పరిమాణమును నమ్ముట క్షేమము. ఉదాహరణకు 60 జీబీ ఖాళీ జాగాను ముందే ఏర్పరచి ఉంటే, జాబితాలో ఆ పరిమాణముతో వినిపించే ఖాళీ జాగాయే తాను వెదకుతున్నది. లెక్కించే పద్ధతిని బట్టి ఈ సంఖ్యలో కొద్ది తేడా రావచ్చును. మొత్తము డిస్కును వాడు అనే అర్థము వచ్చే వరుసను ఎంచుకోరాదు. చివరి నిర్ధారణ తెరలో ఏయే పార్టిషన్లు ఫార్మాటు కానున్నవో ప్రోగ్రాము చదువుతుంది. దానిని పూర్తిగా, అవసరమైతే రెండుసార్లు, విన్న తరువాతనే అంగీకరించాలి.

మాట వినిపించని దశలు

బయోస్, యుఈఎఫ్ఐ తెరలతో పాటు మరికొన్ని చోట్ల స్క్రీన్ రీడరు పనిచేయదు. సెక్యూర్ బూట్ అమలులో ఉన్న కంప్యూటరులో ఇతర సంస్థల డ్రైవర్లను కూడా స్థాపించమని కోరితే, తరువాతి బూటులో కొత్త తాళపుచెవిని నమోదు చేయమని ఒక తెర వస్తుంది. అది కొద్ది సెకన్లలో దానంతటదే వెళ్ళిపోతుంది, ఏమీ పలకదు. కనుక తొలి స్థాపనలో ఆ డ్రైవర్లను కోరకుండుట మంచిది. లినక్సు డిస్కును గుప్తీకరించినప్పుడు సంకేతపదమును అడిగే తెర కూడా సాధారణముగా మాట్లాడదు. దానికి ఎంత సమయము పడుతుందో అలవాటు చేసుకొని టైపు చేయవలసి ఉంటుంది.

ఇటువంటి చోట్ల అంధ వాడుకరులు ఫోను కెమెరాను ఆశ్రయిస్తారు. 2015లో మొదలైన బీ మై ఐస్ ద్వారా చూపున్న స్వచ్ఛంద సేవకులు వీడియోలో తెరను చదివి చెబుతారు. 2017లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన సీయింగ్ ఏఐ తెరపైని అక్షరాలను గుర్తించి పలుకుతుంది. సంకేతపదాలు, పునరుద్ధరణ సంకేతాలు కనిపించే తెరలను అపరిచితులకు చూపకుండుట అవసరము.

సిస్టమును ఎంచుకొనుట

రెండు సిస్టములు ఉన్న కంప్యూటరులో గ్రబ్ అనే ప్రోగ్రాము ఎంపిక జాబితాను చూపుతుంది. ఇది కూడా మాట్లాడదు. దీని అమరికల ఫైలులో ఇనిట్ ట్యూన్ అనే వరుసను చేర్చితే జాబితా వచ్చినప్పుడు బీప్ వినిపిస్తుంది. వాడుకరి ఆ శబ్దము విన్న తరువాత క్రింది బాణపు మీటను లెక్కపెట్టి నొక్కుతాడు. లినక్సు కొత్త కెర్నెళ్ళు చేరినప్పుడు వరుసలు మారే అవకాశమున్నది. అందుచేత, తదుపరి బూటులో ఏ సిస్టము రావాలో మాట్లాడుతున్న సిస్టములో నుండే నిర్ణయించుట మరింత నమ్మదగిన పద్ధతి. లినక్సులో గ్రబ్-రీబూట్ ఆదేశము, విండోస్‌లో షిఫ్ట్ రీస్టార్ట్ తెర ఇందుకు ఉపకరిస్తాయి.

తెలుగు వాడుకరులు

ఈస్పీక్‌లో తెలుగు చేర్చబడి ఉన్నది. ఎన్‌విడిఎ, ఓర్కా రెండూ దీనిని వాడగలవు. ఫెస్టివల్ వ్యవస్థకు కూడా తెలుగు మాడ్యూలు ఉన్నది. ఐఐటి మద్రాసు నేతృత్వములోని విద్యాసంస్థల కూటమి తెలుగుతో సహా అనేక భారతీయ భాషలకు మాట పుట్టించే సాఫ్టువేర్లను రూపొందించి, వాటిని స్క్రీన్ రీడర్లతో అనుసంధానించినది. అయితే తెలుగు లిపి సాధారణ లినక్సు కన్సోలుపై సరిగా రాదు. డెబియన్ స్థాపన ప్రోగ్రాముకు తెలుగు అనువాదము ఉన్నప్పటికీ అది గ్రాఫికల్ రూపమునకే ఉపయోగపడుతున్నది. మాటతో స్థాపించే తెలుగువారు ఆ దశను ఎక్కువగా ఇంగ్లీషులోనే పూర్తిచేస్తారు. తెలుగు మాధ్యమములో చదివిన విద్యార్థికి ఇది అదనపు భారము.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో అంధుల పునరావాస సేవలు, ప్రత్యేక పాఠశాలలు పెద్ద నగరాలలోనే ఎక్కువ. హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాల, హైదరాబాదులోను విశాఖపట్నములోను ప్రాంగణాలు గల ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇందుకు ఉదాహరణలు. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన అనకాపల్లి వంటి పట్టణములోని వాడుకరికి, తన కంప్యూటరు మొరాయించినప్పుడు స్క్రీన్ రీడరు తెలిసిన మరమ్మతుదారు దొరుకుట తేలిక కాదు. చూపున్న మరమ్మతుదారు సిస్టమును సరిచేసినా, స్క్రీన్ రీడరు లేకుండా తిరిగి ఇస్తే అది వాడుకరికి పనికిరాదు. డిస్కులో మాట్లాడే రెండవ సిస్టము ఉంటే, మొదటిది చెడినప్పుడు దాని నుండి ఫైళ్ళను కాపాడుకొనవచ్చును.

ప్రాధాన్యత

2011 జనగణన ప్రకారము భారతదేశములో సుమారు 50 లక్షల మందికి చూపుకు సంబంధించిన వైకల్యము ఉన్నది. 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 42వ సెక్షను, సమాచార సాంకేతికత వికలాంగులకు అందుబాటులో ఉండేలా ప్రభుత్వము చర్యలు తీసుకోవాలని నిర్దేశిస్తుంది. కంప్యూటరులోని ప్రోగ్రాములను వాడుట మాత్రమే కాక, ఆ కంప్యూటరులో ఏ సిస్టము ఉండాలో నిర్ణయించుకొనుట కూడా ఈ అందుబాటులో భాగము. స్వయముగా స్థాపించుకొన్నప్పుడు సంకేతపదాలు ఇతరులకు తెలియవలసిన అవసరము ఉండదు, ఒకరి తీరిక కొరకు ఎదురుచూడనక్కరలేదు. మూగగా మిగిలిన బూటు తెరలను కూడా మాట్లాడించగలిగిననాడే ఈ స్వాతంత్ర్యము పూర్తి అవుతుంది.

ఇవి కూడా చూడండి

* స్క్రీన్ రీడరు
* బ్రెయిలీ లిపి
* భారతి బ్రెయిలీ
* లినక్సు
* డెబియన్
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* అనకాపల్లి