డిజిటల్ టీవీ ప్రసారాలు – మిద్దెమీది ఏంటెన్నా

మన సరిహద్దు పల్లెలలో మిద్దెమీది ఏంటెన్నా ఒకప్పుడు ఇంటికి గౌరవచిహ్నం. ఆదివారం ఉదయం ఒకరు మిద్దె ఎక్కి గొట్టం తిప్పుతుంటే, మరొకరు వాకిట నిలిచి "ఆగు, వచ్చింది! అయ్యో, మళ్లీ పోయింది!" అని కేకలు వేయడం నలభై దాటిన వారందరికీ జ్ఞాపకమే. ఆ గొట్టాలు కొన్ని ఇళ్లపై నేటికీ నిలిచి ఉన్నాయి. వాటితో డిజిటల్ ప్రసారాలు అందుతాయా, అందకపోతే బూస్టరు కొనవచ్చునా అని విద్యార్థుల తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఊరు ఉన్న చోటు, ఏంటెన్నా కొలత, దాని దిశ, తీగ నాణ్యత అనే నాలుగూ కుదిరితేనే బొమ్మ వస్తుంది. ఈ నాలుగింటికీ బూస్టరు బదులు కాజాలదు.

పాత ప్రసారం, కొత్త ప్రసారం

దూరదర్శన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైంది. బెంగళూరుకు 1981లో వచ్చింది. నాటి నుండి దశాబ్దాలపాటు మనం చూసినది అనలాగ్ ప్రసారం. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ బెంగళూరుతో సహా 16 నగరాలలో డీవీబీ-టీ2 అనే పద్ధతిలో భూతల డిజిటల్ ప్రసారాలను ప్రారంభించినట్లు ప్రకటించింది. 2022 నాటికి దేశంలో కొద్దిపాటి కేంద్రాలు తప్ప అనలాగ్ ప్రసారాలన్నీ నిలిచిపోయాయి. కావున పాత టీవీకి పాత ఏంటెన్నా తగిలించి ఎంత తిప్పినా ఇక ప్రయోజనం లేదు.

ఇంకొక సంగతి ముందే తెలుసుకోవాలి. మన దేశంలో భూతల ప్రసారం దూరదర్శన్‌కు మాత్రమే పరిమితం. ప్రైవేటు తెలుగు ఛానళ్లు ఏ ఏంటెన్నాతోనూ రావు. "ఇది డిజిటల్ ఏంటెన్నా, అన్ని ఛానళ్లూ ఉచితం" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మవద్దు.

డిజిటల్ బొమ్మ స్వభావం

అనలాగ్‌లో సంకేతం తగ్గేకొద్దీ తెరపై చుక్కలు పెరిగేవి, ఐనా మాట వినబడేది. డిజిటల్‌లో ఆ నడిమి స్థితి దాదాపుగా లేదు. సంకేతం కనీస మట్టానికి పైన ఉన్నంతవరకు బొమ్మ నిర్మలంగా ఉంటుంది. ఆ మట్టానికి దిగగానే చదరపు ముక్కలై ఆగిపోయి, తెర నల్లబడుతుంది. బొమ్మ లేనంత మాత్రాన సంకేతం బొత్తిగా లేదని కాదు, జానెడు దూరంలో ఆగి ఉండవచ్చు. బాగా వస్తున్నది గదా అని నిర్లక్ష్యం చేస్తే మొదటి వానకే పోవచ్చు కూడా.

మన ఊరికి అందుతుందా?

ఈ తరంగాలు దాదాపు చూపుమేరకే ప్రయాణిస్తాయి. చదునైన నేలపై అవి చేరే దూరానికి ఒక సులువైన లెక్క ఉంది. ప్రసార స్తంభం ఎత్తుకు, మన ఏంటెన్నా ఎత్తుకు మీటర్లలో వర్గమూలాలు కట్టి, రెండింటినీ కూడి 4.1తో హెచ్చించాలి. స్తంభం 144 మీటర్లు, ఏంటెన్నా 9 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకొందాం. 12కు 3 కలిపితే 15, దానిని 4.1తో హెచ్చిస్తే సుమారు 61 కిలోమీటర్లు. ఏంటెన్నాను 16 మీటర్లకు పెంచినా దూరం 65 కిలోమీటర్లే. ఏడు మీటర్ల గొట్టం అదనంగా ఎత్తితే నాలుగు కిలోమీటర్లు కలిసివచ్చాయన్నమాట.

హోసూరు బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి తెలుగు కుటుంబాలు ప్రయత్నించి చూడవచ్చు. కోలారు సుమారు 70 కిలోమీటర్ల దూరాన అంచున ఉంది. హిందూపురం, బాగేపల్లి, కుప్పం ప్రాంతాలు సుమారు 100 కిలోమీటర్లు. పైగా బెంగళూరుకు ఉత్తరాన 1,478 మీటర్ల ఎత్తున నంది కొండలు అడ్డుగా ఉన్నాయి. ఇంతటి దూరంలో ఏంటెన్నాకై డబ్బు వెచ్చించడం తగదు. వారికి తగిన మార్గం చివర చెప్పాను.

ఏంటెన్నా, దిశ

పాత ప్రసారాలలో అధికభాగం వీహెచ్‌ఎఫ్ తరంగాలపై నడిచినందున ఆ ఏంటెన్నాల కడ్డీలు పొడవైనవి. డిజిటల్ ప్రసారాలు యూహెచ్‌ఎఫ్ తరంగాలపై నడుస్తాయి గనుక ముఖ్యమైన కడ్డీ పొడవు సుమారు 27 సెంటీమీటర్లు చాలు. యూహెచ్‌ఎఫ్ యాగి ఏంటెన్నా అని అడిగి కొనాలి. జపాను శాస్త్రజ్ఞులు యాగి, ఉడా 1926లో దీనిని లోకానికి తెలిపారు. ఇందులో వెనుక ఉండే పొడవైన కడ్డీ తరంగాలను ముందుకు మరల్చుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు వాటిని నడిమి కడ్డీకి చేరవేస్తాయి. పొట్టి కడ్డీల కొస బెంగళూరు వైపు చూడాలి. కడ్డీలు నేలకు సమాంతరంగా ఉండాలి.

తిప్పేటప్పుడు తొందర పనికిరాదు. పెట్టె సంకేతాన్ని చదువుకొనడానికి కొన్ని క్షణాలు పడుతుంది గనుక, కొద్దిగా తిప్పి ఐదారు సెకన్లు ఆగాలి. తెరపై కనబడే రెండు గీతలలో బలం కంటె నాణ్యత చూపే గీతనే నమ్మాలి. బెంగళూరులో గది తీసుకొని ఉంటున్న మన పిల్లలైతే చిన్న ఏంటెన్నాను టీవీ వెనుక గాక కిటికీ వద్ద ఉంచుకోవాలి. కాంక్రీటు గోడ సంకేతంలో చాలా భాగాన్ని మింగివేస్తుంది.

తీగ, బూస్టరు

2017లో బెంగళూరులోని మా చెల్లెలి ఇంటిమీద ఏంటెన్నా పెట్టి, బొమ్మ రాకపోయేసరికి ఒక దుకాణదారు మాట విని బూస్టరు కొన్నాను. ఐనా తెర నల్లగానే ఉంది. మరునాడు తీగ వెంబడి చూస్తూ పోతే, మిద్దె అంచున మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులో నీరు చేరి రాగి పచ్చబడి ఉంది. అతుకు లేని కొత్త తీగ వేయగానే బూస్టరు లేకుండానే బొమ్మ నిలిచింది.

75 ఓమ్‌ల ఆర్‌జీ-6 తీగ వాడాలి. మంచి తీగలో సైతం 20 మీటర్లకు సంకేతశక్తి దాదాపు సగమవుతుంది. కావున తీగను అవసరమైనంతే పొడవుంచాలి. ఇక బూస్టరు సంకేతాన్నే గాక రొదను కూడా పెంచుతుంది. తీగ పొడవు తప్పనిసరి ఐతే దానిని టీవీ వెనుక గాక ఏంటెన్నా పక్కనే అమర్చాలి.

ఏదైనా కొనేముందు డీవీబీ-టీ2 ఉన్న టీవీనో పెట్టెనో అరువు తెచ్చి ఛానళ్లు వెదికించి చూడండి. డిష్ పెట్టె దీనికి పనికిరాదు, రెండూ వేర్వేరు.

దూరపు ఊళ్లకు మార్గం

దూరదర్శన్ 2004 డిసెంబరులో ప్రారంభించిన ఉచిత డిష్ సేవ నేడు డీడీ ఫ్రీ డిష్ పేరుతో నడుస్తున్నది. నెలవారీ రుసుము లేదు. తెలుగువారికి సప్తగిరి, యాదగిరి, కన్నడంలో చందన లభిస్తాయి. ఇది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్దనున్న జీశాట్-15 ఉపగ్రహం నుండి వస్తుంది. మన ప్రాంతం నుండి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయ దిశన, నేలకు సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. వంటింటి మూల ఆగ్నేయమని మన పెద్దలకు తెలిసినదే, ఆ వైపు ఆకాశం చెట్లు లేకుండా తెరిపిగా ఉంటే చాలు. నంది కొండలు దీనికి అడ్డు రావు. ఎంపెగ్-4 పెట్టె కొనడం మేలు. జోరువానలో కాసేపు బొమ్మ ఆగవచ్చు, ఆ సమయంలో డిష్ కదిలించవద్దు.

ప్రాణం ముఖ్యం

ఇనుప గొట్టం నిలబెట్టేటప్పుడు కరెంటు తీగకు తగిలితే ప్రాణాపాయం. గొట్టం ఎటు ఒరిగినా తీగను తాకనంత దూరంలోనే నిలపాలి. ఒంటరిగా గాని, తడి మిద్దెపై గాని, పిల్లల చేత గాని ఈ పని చేయించరాదు. గొట్టానికి ఎర్తు వేయించాలి. ఉరుములు రాకముందే తీగను టీవీ నుండి తీసివేయాలి. ఉరుములు మొదలైన తరువాత తీగను ముట్టరాదు. ఇప్పుడు వాడని పాత ఏంటెన్నా తుప్పు పట్టి మిద్దెపై నిలిచి ఉంటే, గాలివానకు తీగలపై పడకముందే దించివేయడం శ్రేయస్కరం.